ఇనారి సరస్సుకు వచ్చినవాళ్లు

ఫిన్లాండ్ ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి చాలా ఎగువన ఇనారి సరస్సు ఉంది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు, దీవులు మూడు వేల పైమాటే. అన్నిట్లోకీ వేరుగా కనిపించేది నీళ్లలోంచి నిటారుగా లేచిన ఒక బండరాతి గుట్ట. ఫిన్నిష్‌లో దాని పేరు ఉకొన్‌సారి. ఇక్కడి ఆదివాసీలైన ఇనారి సామీలకు అది దేవుడి గుట్ట. ఒకప్పుడు అక్కడ రెయిన్‌డీర్ కొమ్ములు, జంతువుల ఎముకలు ఉంచి మొక్కులు చెల్లించేవారు. 1870ల్లో ఇరవై ఏళ్లు దాటిన ఒక ఇంగ్లీషు యువకుడు ఆ దీవి మీద దిగాడు. పేరు ఆర్థర్ ఎవాన్స్. అక్కడ అతనికి ఒక వెండి నగ దొరికింది. తర్వాత క్రీట్‌లో క్నోసోస్ రాజప్రాసాదాన్ని తవ్వి లోకప్రసిద్ధుడైన పురాతత్వవేత్త ఈయనే.

ఇనారికి బయటివాళ్ల రాకపోకల కథ ఈ నగతో మొదలుపెట్టడం నాకు సబబుగా తోస్తుంది. చాలాకాలం వచ్చినవాళ్లలో ఎందరో ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చారు.

ఊరివాళ్ల కూడికలు మాత్రం అంతకు ఎంతో ముందునుంచీ ఉన్నాయి. వేసవంతా సరస్సు ఒడ్డుల్లో చెదిరి చేపలు పట్టుకునే కుటుంబాలు చలికాలానికి పియెల్పయార్వి దగ్గర ఒక్కచోట చేరేవి. అక్కడే 1646లో మొదటి చర్చి వెలిసింది. ఇప్పుడున్న చెక్క చర్చి 1760లో పూర్తయింది. కాలక్రమాన జనం ఇప్పటి ఇనారి ఊరివైపు జరిగారు, చర్చి అడవిలో ఒంటరిగా మిగిలిపోయింది. ఈనాటికీ దానికి బండిదారి లేదు, నాలుగైదు కిలోమీటర్లు నడిచి వెళ్లాల్సిందే. అయినా ఈస్టరుకీ, వేసవి నడిమి పండగకీ అక్కడ ప్రార్థనలు జరుగుతూనే ఉన్నాయి.

ఆర్కిటిక్ సముద్రతీరం దాకా రోడ్డు 1931లో పూర్తయ్యాక సరదాకి వచ్చేవాళ్లు పెరిగారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో వెనుదిరిగిన జర్మన్ సేనలు ఈ ఉత్తర ప్రాంతమైన లాప్‌లాండ్ ఊళ్లను తగలబెడుతూ పోయాయి. ఆ సముద్రతీరంలోని పెత్సమో సోవియట్ల వశమైతే అక్కడి సామీల్లో ఒక శాఖ అయిన స్కోల్ట్ సామీలు కట్టుబట్టలతో తరలివచ్చి ఇనారి ప్రాంతంలో స్థిరపడ్డారు. తమ ఆర్థడాక్స్ మతాన్నీ వెంట తెచ్చుకున్నారు. ఏటా ఆగస్టు చివర సెవెత్తియార్విలో సాగే సెయింట్ ట్రిఫోన్ యాత్ర వాళ్లదే.

కాలిపోగా మిగిలినవాటినైనా కాపాడుకోవాలని సామీలే 1959లో సొంతంగా మ్యూజియం స్థాపించుకున్నారు. పాత కలప ఇళ్లను విప్పి తెచ్చి ఆరుబయట మళ్లీ నిలబెట్టారు. 1998లో దాని పక్కనే సీదా అనే మ్యూజియం భవనం వచ్చింది, తమ గురించి సామీలే చెప్పుకునే చోటు. ఇక్కడ కథ మలుపు తిరిగిందంటాను. అప్పటిదాకా పర్యాటకులకు సామీల గురించి చెప్పేది ఎక్కువగా ఇతరులే. సామీలు కానివాళ్లకు నకిలీ సామీ దుస్తులు తొడిగి ఫొటోలకు నిలబెట్టే వ్యాపారం మరోచోట జోరుగా సాగింది కూడా.

ఇనారి పండగల్లో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది స్కాబ్మగోవత్. 1999 నుంచి జనవరిలో జరిగే ఆదివాసీ చలనచిత్రోత్సవం. ఉత్తర సామీ భాషలో స్కాబ్మ అంటే సూర్యుడు పొడవని కాలం, గోవత్ అంటే బొమ్మలు. డిసెంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు అక్కడ నెలకు పైగా కనిపించడు. ఆ చీకటి తర్వాత జనం మంచుతో కట్టిన థియేటర్లో, ఆకాశం కింద, ఒక్కోసారి సున్నాకి 30 డిగ్రీల కింది చలిలో దుప్పట్లు కప్పుకుని సినిమా చూస్తారు. తెర కూడా మంచు గోడే. ఇతర ఖండాల ఆదివాసీ దర్శకుల సినిమాలు కూడా అక్కడ వేస్తారు. పర్యాటకుడు ఒక్కడూ రాకపోయినా ఈ పండగ జరుగుతుంది. అసలు పండగకి గీటురాయి అదే కదా!

ఆగస్టులో ఇయాహిస్ ఇద్య సంగీతోత్సవం 2004 నుంచి ఉంది. శీతాకాలం చివర్లో గడ్డకట్టిన సరస్సు మీద రెయిన్‌డీర్ పందేలు జరుగుతాయి. తోలేవాడు బండిలో కూర్చోడు, స్కీలు తొడుక్కుని జంతువు వెనక పగ్గం పట్టుకుని జారిపోతాడు.

ఇక పట్టుకుపోయినవాటి సంగతి. 2021లో ఫిన్లాండ్ జాతీయ మ్యూజియం తన దగ్గరున్న రెండు వేల రెండువందలకు పైగా సామీ వస్తువులను సీదాకు తిరిగిచ్చింది. వాటిని దాచుకోవడానికి భవనాన్ని పెంచారు. 2024లో సీదాకు యూరపు ఉత్తమ మ్యూజియం పురస్కారం దక్కింది.

ఉకొన్‌సారి మీద పర్యాటకుల కోసం మెట్లు కూడా కట్టారు. 2018లో సామీల ప్రతినిధి సభ అయిన సామీ పార్లమెంటు పర్యాటకానికి నైతిక నియమాలు ఆమోదించింది. సామీల కోరిక మన్నించి, ఆ గుట్ట మీద యాత్రికులను దించడం మానేస్తామని పడవ నడిపే సంస్థ 2019లో ప్రకటించింది. మీరు ఎప్పుడైనా వేసవిలో అటు వెళ్తే దేవుడి గుట్టను పడవలోంచే చూసి రండి.