చింపలేని కార్డు: తెలుగు గృహంలో అక్కరలేని టపా – ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగు సాహిత్యంలో లేఖకు గౌరవస్థానమే ఉంది. ప్రముఖుల ఉత్తరాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. లేఖాసాహిత్యంపై విశ్వవిద్యాలయాలలో పరిశోధనలూ జరిగాయి. అయితే ఈ కృషి అంతా ఎవరో ఒకరు దాచిపెట్టిన ఉత్తరాల మీద నిలిచినదే. ఎవరూ కోరకుండా గడప దాటి వచ్చి, చదివినా చదవకపోయినా ఏదో ఒక మూలకు చేరిన టపాను గురించి మనం పెద్దగా ఆలోచించలేదు. మందుల ప్రకటనలు, పుస్తకాల జాబితాలు, అడగని వి.పి. పార్సిళ్లు, 'ఇరవై ఒక్కమందికి రాసి పంపండి' అని ఆజ్ఞాపించే కార్డులు ఇందులోకి వస్తాయి. ఇటువంటి టపాతో తెలుగు గృహం ఎలా వ్యవహరించిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటిలో గొలుసు ఉత్తరం తెలుగు కథన సంప్రదాయంతో నేరుగా ముడిపడినది కాబట్టి ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

తిరస్కరించే హక్కు – దాని హద్దు

1854లో బరువును బట్టి దేశమంతటా ఒకే తపాలా రుసుము ఏర్పడింది. పావుతులం లోపు ఉత్తరం అర్ధణాకే ఎంత దూరమైనా వెళ్లేది. బిళ్ల అంటించకుండా వేసిన ఉత్తరానికి రెట్టింపు రుసుము పడేది. దానిని చెల్లించవలసినవాడు అందుకొనేవాడే. జనవాడుకలో 'బేరింగు ఉత్తరం' అంటే ఇదే. మనం పిలవని అతిథికి బండికూలి మనమే ఇచ్చుకోవడం వంటిది.

1898 నాటి భారత తపాలా చట్టం ఈ చిక్కును గుర్తించింది. దాని 11వ సెక్షన్ ప్రకారం బకాయి ఉన్న టపాను స్వీకరించినవాడు రుసుము చెల్లించాలి. విప్పకుండా వెంటనే తిప్పి పంపితే ఆ బాధ్యత ఉండదు. అందుకొనేవానిని వేధించాలన్న దురుద్దేశంతోనే పంపినట్లు తోస్తే రుసుమును మాఫీ చేసే అధికారాన్ని కూడా ఆ సెక్షన్ పోస్టుమాస్టర్ జనరలుకు ఇచ్చింది. కోరని ఉత్తరం ఒక పీడ కాగలదని శాసనం ఒప్పుకొన్న సందర్భంగా దీనిని గుర్తించవలసి ఉంది. అదే చట్టంలో 22వ సెక్షన్ మరో ఆసక్తికరమైన మాట చెబుతుంది. పుస్తకాల, నమూనాల ప్యాకెట్లతో పాటు పంపితే ఉత్తరాలకు ఆలస్యమవుతుందనుకొంటే ఆ ప్యాకెట్లను ఆపి ఉంచవచ్చు. అంటే ఉత్తరం ముందు, సరుకు తరువాత అన్న తారతమ్యం అప్పటికే స్థిరపడింది.

ఈ రక్షణ అంతా డబ్బు చుట్టూ తిరుగుతుంది. బిళ్ల సక్రమంగా ఉన్న టపా విషయంలో గృహస్థుకు చట్టం చూపిన దారి చాలా తక్కువ. అశ్లీలమైనవి, బెదిరించేవి టపాలో పంపరాదని 20వ సెక్షన్ నిషేధించింది. అనుమతి లేని లాటరీల కాగితాలకు మరొక నిషేధం ఉండేది. మిగిలినదంతా వస్తూనే ఉంటుంది. అమెరికాలో ఒక గృహస్థు తనకు వద్దన్న ప్రకటనకర్త తిరిగి పంపకుండా అడ్డుకోవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1970లో రోవన్ కేసులో సమర్థించింది. మన తపాలాలో అటువంటి ఏర్పాటు రాలేదు. 2005లో భారత తపాలా శాఖ 'డైరెక్ట్ పోస్ట్' పేరిట చిరునామా లేని ప్రకటనలను ఇంటింటికీ చేర్చే సేవను తానే మొదలుపెట్టింది. 1898 చట్టం స్థానంలో 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులో ఉంది.

ప్రకటనల టపా

1877లో వచ్చిన వి.పి. పద్ధతి, 1879 జూలై 1న వచ్చిన కాలణా కార్డు కలిసి తెలుగు పల్లెను మద్రాసు, బొంబాయి అంగళ్లకు దగ్గర చేశాయి. కార్డు ముక్క రాస్తే సరుకు ఇంటికి వస్తుంది, సొమ్ము బంట్రోతు చేతిలో పెడితే చాలు. రాయకపోయినా సరుకు రావడం ఈ సదుపాయంలోని లొసుగు. అందుకే నిజమైన ఆర్డరు మీదనే పంపుతున్నట్లు పంపేవాడు ప్రకటించాలన్న నిబంధనకు 1898 చట్టం చోటు కల్పించింది. అటువంటి నిబంధన అవసరమైందంటేనే అడగని పార్సిళ్లు ఎంత తిరిగాయో ఊహించవచ్చు.

ఈ ప్రకటనల టపాను 'చెత్త' అని తోసివేయడానికి తెలుగువారికి కొంత మొహమాటం ఉండవలసిందే. 1893లో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడిపారు. లోధ్ర మందుతో పేరొందిన కె.ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మిని ప్రారంభించారు. తలనొప్పి మందు, స్త్రీల మందు అమ్మిన సొమ్ము మన పత్రికా చరిత్రకు పునాదిలో ఉంది. ప్రకటన లేకుండా ఆ మందులు లేవు. పుస్తక ప్రచురణకర్తల జాబితాల సంగతీ ఇంతే. అవి వచ్చిన ఇళ్లలో చాలామటుకు పొట్లాలుగా పోయి ఉంటాయి. ఈనాడు ఒక గ్రంథం తొలి ముద్రణ ఏ ధరకు వచ్చిందో తేల్చుకోవాలంటే అటువంటి జాబితా కోసమే వెదుక్కొంటున్నాం.

ఇంటిలోని వర్గీకరణ

వచ్చిన కాగితాన్ని ఎక్కడ పెట్టాలన్న విషయంలో మన ఇళ్లకు స్పష్టమైన నియమాలు ఉండేవి. వీటిని ఎవరూ గ్రంథస్థం చేయలేదు. పెద్దల నోట విన్నదానిని బట్టి, నేను చూసినదానిని బట్టి చెబుతున్నాను. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ దేవుడి గూటిలోకి వెళుతుంది. క్షేమసమాచారాల ఉత్తరం గోడకు వేలాడే కమ్మికి గుచ్చబడుతుంది. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన మరుక్షణమే చించి బయట పారవేస్తారు. దానిని ఇంట్లో ఉంచరు. ప్రకటన కాగితం ఒకవైపు ఖాళీగా ఉంటే పద్దు రాసుకోవడానికి పనికివస్తుంది. కాస్త దళసరిగా ఉంటే పిల్లల పుస్తకాలకు అట్ట అవుతుంది. ఏదీ కాకపోతే మెంతులతో కలిపి నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జును చేటలకు, బుట్టలకు మెత్తుతారు. అచ్చు కాగితాన్ని ఇంత నిశ్చింతగా జీర్ణించుకొన్న వ్యవస్థ మరొకటి ఉంటుందా అనిపిస్తుంది.

ఈ వ్యవస్థకు లొంగని కాగితం ఒక్కటే కనిపిస్తుంది. అది గొలుసు ఉత్తరం. దాని తలపై దేవుని పేరు ఉంటుంది కాబట్టి చింపరాదు, రుబ్బరాదు, కాలికి తగలనీయరాదు. దాని అడుగున శాపం ఉంటుంది కాబట్టి దాచరాదు. శుభలేఖకూ చావు కార్డుకూ ఇంట్లో వేర్వేరు తోవలు ఉండగా, ఈ కార్డు రెండూ తానే అయి వస్తుంది.

గొలుసు ఉత్తరం – వ్రతకథ

వీటి నిర్మాణం దాదాపు స్థిరమైనది. తిరుమలలోనో మరొక క్షేత్రంలోనో గుడిలోకి ఒక సర్పం వస్తుంది. అది వృద్ధ బ్రాహ్మణుడి రూపు దాల్చి, తాను కలియుగంలో అవతరించబోతున్నానని పూజారితో చెబుతుంది. ఈ మహిమను ఇన్ని ప్రతులు రాసి పంచినవారికి ఇన్ని రోజులలో కోరిక నెరవేరుతుందని పలికి అదృశ్యమవుతుంది. తరువాత దృష్టాంతాలు మొదలవుతాయి. ఒకడు వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించి లక్షలు గడించాడు. ఒకడు రేపు రాద్దాములే అని నష్టపోయాడు. ఒకడు చించివేసి కొడుకును పోగొట్టుకొన్నాడు. 1975లో 'జై సంతోషీ మా' హిందీ చిత్రం విడుదలైన తరువాత ఇదే అచ్చులో సంతోషిమాత కార్డులు విరివిగా తిరిగాయి.

గొలుసు ఉత్తరం పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయినదని తేలికగా చెప్పేస్తుంటారు. 1935లో అమెరికాలోని డెన్వర్‌లో పది సెంట్ల నాణెం పంపమనే ఉత్తరాలు తపాలా కార్యాలయాన్ని ముంచెత్తిన మాట వాస్తవమే. కానీ అంతకు చాలా ముందే ఉత్తర భారతంలో, 1893 నాటి గోరక్షణ ఉద్యమంలోనూ 1917 నాటి షాహాబాద్ అల్లర్లలోనూ, 'పతియా' అనే చీటీలు ఊరూరా తిరిగాయి. అందుకొన్నవారు నకళ్లు తీసి పొరుగూళ్లకు పంపకపోతే గోహత్యాపాతకం చుట్టుకొంటుందని అవి హెచ్చరించేవి. ఆ చీటీలకూ మన కార్డులకూ నేరుగా సంబంధం ఉందని నేను వాదించడం లేదు. ఈ రూపం ఇక్కడ మొలకెత్తడానికి తపాలా శాఖ కూడా అవసరం కాలేదని మాత్రమే నా మనవి.

తెలుగు కార్డు విషయంలో మూలాన్ని ఇంకా దగ్గరలో వెదకవచ్చు. సత్యనారాయణ వ్రతకథలో సాధువనే వైశ్యుడు మొక్కును వాయిదా వేసి చెరసాల పాలవుతాడు. కళావతి ప్రసాదాన్ని విడిచి పరుగెత్తడంతో భర్త ఓడ కనిపించకుండా పోతుంది. తుంగధ్వజుడు గొల్లలు పెట్టిన ప్రసాదాన్ని తృణీకరించి నూరుగురు కొడుకులను పోగొట్టుకొంటాడు. వాయిదా, విస్మరణ, తృణీకారం అనే మూడు అపరాధాలూ వాటి శిక్షలతో సహా కార్డులోకి దిగాయి. సంపద, సంతానం అనే ఫలశ్రుతి కూడా దిగింది. ఏటా ఆ కథను వింటూ పెరిగిన గృహిణికి కార్డులోని తర్కం కొత్తది కాదు.

ఇక రాయడమే పుణ్యమన్న భావన. రామకోటి రాసే ఇంట్లో నామాన్ని మళ్లీ మళ్లీ రాయడం సాధనే. గొలుసు ఉత్తరం ఆ సాధన దిశను మార్చింది. రామకోటి పుస్తకం రాసినామె దగ్గరే ఉంటుంది. కార్డు ఇతరుల ఇంటికి వెళ్లి కూర్చుంటుంది. వ్రతకథలో పంచవలసినది ప్రసాదం, ఇక్కడ పంచవలసినది కథే. మరొక తేడా ఉంది. నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. వ్రతకథలో పోయినదంతా తిరిగి వస్తుంది. కళావతి వెనక్కి వెళ్లి ప్రసాదం తీసుకొంటే ఓడ తేలుతుంది. తుంగధ్వజుడికి కొడుకులు దక్కుతారు. నేను చూసిన కార్డులలో చించినవాడి కొడుకు తిరిగి రాడు. క్షమాపణ అన్న ఘట్టాన్ని కార్డు తొలగించింది. చోటు చాలక కావచ్చు, భయం చాలదని కావచ్చు.

ఒక నోటుపుస్తకం

గుంటూరు జిల్లాలోని మా అమ్మమ్మగారి ఇంటిని ఖాళీ చేసినప్పుడు ఆమె పెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. పాలపద్దు మధ్యలో ఒక పుటనిండా ఇరవై ఒక్క పేర్లు వరుసగా ఉన్నాయి. పదిహేడింటి పక్కన టిక్కు ఉంది. నాలుగింటి పక్కన లేదు. పక్క పుటలో కార్డు పాఠం పెన్సిలుతో రాసి ఉంది. అడిగితే మా అమ్మమ్మ దాచకుండానే చెప్పింది. పంపినవారు పేరు రాయలేదట. దస్తూరీ చూడగానే తన వదినగారిదని తెలిసిపోయిందట. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదట.

'నేనొక్కదాన్నే అయితే ఊరుకుందును, పిల్లలు గలదాన్ని' అన్నది ఆమె ఇచ్చిన కారణం.

అప్పటి పదిహేను పైసల కార్డులు ఇరవై ఒకటి కొనాలంటే మూడు రూపాయల పదిహేను పైసలు కావాలి. పాలపద్దులోంచి మిగిల్చిన డబ్బు. ఏడాదికి రెండు మూడు ఉత్తరాలకు మించి రాయని మనిషి వారంరోజులు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. స్త్రీల అక్షరాస్యత చరిత్రలో ఈ రాతను ఏ పద్దు కింద వేయాలో నాకు ఇంకా తెలియదు. బలవంతపు చాకిరీ అనవచ్చు. కానీ ఆమె నకలులో మూలంలోని తప్పులు దిద్దిన గుర్తులు ఉన్నాయి. రెండు చోట్ల వాక్యాన్ని తనకు నచ్చినట్లు మార్చుకొంది.

ఆ చిరునామాల జాబితా ఒక బంధుత్వ పటం. శాపాన్ని అపరిచితులకు పంపడం కుదరదు. చిరునామా తెలిసినది అయినవారిదే. కాబట్టి భయం రక్తసంబంధం వెంటనే ప్రయాణిస్తుంది. టిక్కు లేని నలుగురిని ఎందుకు విడిచిపెట్టారని అడిగాను. ఒకామె భర్త పోయి ఏడాది తిరగలేదు. ఒకామె నీళ్లోసుకొని ఉంది. ఒకామె గుండె దిటవు లేని మనిషి. నాలుగవవారి సంగతి గుర్తులేదంది. ఆజ్ఞ ఇరవై ఒకటి అయితే పదిహేడే పంపారు కదా, భయం వేయలేదా అంటే, మిగిలిన నాలుగు కార్డుల మీద రామనామం రాసి గుడిలో ఇచ్చానంది. ఎవరికీ చెప్పకుండా లెక్క సరిచేసుకొంది. కార్డు తొలగించిన క్షమాపణ ఘట్టాన్ని ఆమె తిరిగి చేర్చుకొన్నదని నేను అర్థం చేసుకొంటున్నాను.

వచ్చిన మూలపు కార్డు మాత్రం దేవుడి గూటిలో ఓ పక్కగా ఉండి, వినాయక నిమజ్జనం నాడు పత్రితో కలిసి కాలువలోకి వెళ్లిందట. చింపలేదు, కాల్చలేదు, దాచలేదు.

ఆకరాల సమస్య

ఈ నిమజ్జనమే పరిశోధకుడికి నష్టం. కరపత్రాలు కొన్ని దొరుకుతాయి, చేతిరాత కార్డులు బహు అరుదు. గ్రంథాలయాలు వీటిని చేర్చుకోవు, ఇళ్లు ఖాళీ చేసేవారు పాతకాగితాలవాడికి వేస్తారు. 2018 జూలైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డు చేయకుండా పరిమితి విధించిన తరువాత గొలుసు సందేశం సాంకేతిక విషయంగా చర్చకు వచ్చింది. అయితే ఫోనులో వచ్చినదానికి దస్తూరీ ఉండదు, తప్పులు దిద్దిన చోటు ఉండదు, విడిచిపెట్టిన పేర్లు ఉండవు. కార్డు మీద తపాలా ముద్ర ఉంటుంది. తేదీ, ఊరు రెండూ తెలుస్తాయి. ఒకే పాఠం ఏ నెలలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి సాగిందో, దారిలో ఏ దృష్టాంతం చేరిందో, ఏది జారిపోయిందో తాళపత్ర ప్రతుల శాఖలను తేల్చినట్లే తేల్చవచ్చు. అందుకు కనీసం యాభై కార్డులైనా కావాలి. ప్రస్తుతం నా దగ్గర ఉన్నవి తొమ్మిది. వాటిలో రెండింటి మీద ముద్ర చెరిగిపోయింది.