పోలండ్ సరిహద్దులో ఎవరి ఆట?

2021 నవంబరులో పోలండ్-బెలారస్ సరిహద్దున కుజ్నిత్సా వద్ద వేలమంది ముళ్ళకంచె ముందు చలిలో నిలిచిపోయారు. ఎక్కువమంది ఇరాకీ కుర్దులు. చాలామంది మనలాగే వీసా తీసుకుని, టికెట్ కొనుక్కుని మిన్స్క్‌లో విమానం దిగినవారే! ఆ మే నెలలో లుకషెంకో ప్రభుత్వం ఒక పాత్రికేయుణ్ణి పట్టుకోవడానికి విమానాన్ని దారి మళ్ళించడంతో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు బిగించింది. దానికి కక్షగానే వీరిని కంచె మీదికి తోలారని యూనియన్ ఆరోపణ. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

మరి పోలండ్ చేసిందేమిటి? విలేఖరులను, సహాయ సంస్థలను సరిహద్దు మండలంలోకి రానివ్వలేదు. ఆశ్రయం అడిగినవారిని తిరిగి అడవిలోకి నెట్టింది. అక్కడ చలికి చనిపోయినవారున్నారు. 2022లో సుమారు 186 కిలోమీటర్ల ఉక్కుగోడ కట్టింది. 2023లో ప్రభుత్వం మారి టస్క్ వచ్చినా గోడ కదల్లేదు. 2025 మార్చిలో ఆ సరిహద్దున ఆశ్రయ దరఖాస్తులు తీసుకోవడమే ఆపేశారు.