‘ఐ అగ్రీ’ వెనక ఏముంది? ఒప్పందాలను చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు

యాప్ వేసుకునేటప్పుడు వచ్చే పొడవాటి ఇంగ్లిష్ ఒప్పందాన్ని మనలో దాదాపు ఎవరూ చదవరు. అది మన బద్ధకం కాదు. ఒక మనిషి ఏడాదిలో చూసే వెబ్‌సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ చదవాలంటే సుమారు 244 గంటలు పడుతుందని అమెరికాలోని కార్నెగీ మెలన్ పరిశోధకులు 2008లోనే లెక్కగట్టారు. పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థయితే, ఇది చదివి మాకు రాస్తే డబ్బిస్తామని తన ఒప్పందంలోనే ఒక వాక్యం పెట్టింది. 4 నెలల్లో 3,000కు పైగా డౌన్‌లోడ్లయ్యాక ఒకే ఒక్కరు రాసి 1,000 డాలర్లు అందుకున్నారు.

ఈ చదివే పనిని తగ్గించడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. విండోస్ కంప్యూటర్ల కోసం వచ్చిన యూలలైజర్ పాతది. ప్రకటనలు, మూడో పక్షం, సమాచార సేకరణ వంటి మాటలున్న వాక్యాలను వెతికి చూపిస్తుంది. 2012లో మొదలైన ‘టర్మ్స్ ఆఫ్ సర్వీస్, డిడ్ నాట్ రీడ్’లో స్వచ్ఛంద కార్యకర్తలు షరతులు చదివి, సేవలకు ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు గ్రేడులిస్తారు. 2018లో స్విట్జర్లాండ్, అమెరికా పరిశోధకులు తెచ్చిన పోలిసిస్ ఆ పనిని కృత్రిమ మేధతో చేసింది.

ఇవన్నీ ప్రధానంగా ఇంగ్లిష్‌ను నమ్ముకున్నవి. పైగా రాసింది మాత్రమే చదువుతాయి. ‘మీ కులం తెలుసుకుంటాం’ అని ఏ కంపెనీ రాస్తుంది? పేరు, చిరునామా, అప్‌లోడ్ చేసిన పత్రాలు అంటుంది, అంతే. స్కాలర్‌షిప్ కోసమో ఉద్యోగం కోసమో కుల ధ్రువీకరణ పత్రం ఎక్కించినవారికి ఆ మూడు మాటల్లో ఏం పోతుందో తెలుసు. ఇంటిపేరు, ఊరు, వాడ చాలు కులం పసిగట్టడానికి. ఆ వాక్యం దగ్గర యంత్రం ఆగకపోయినా మనం ఆగాలి.

చట్టం కూడా ఇక్కడ వెనకడుగు వేసిందనే మేమంటాం. 2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు కులాన్ని, తెగను సున్నిత సమాచారంగా గుర్తించింది. ఆ బిల్లును 2022లో ఉపసంహరించుకున్నారు. 2023లో వచ్చిన చట్టంలో అసలు ఆ వర్గమే లేదు. అయితే అందులో ఒక మేలు ఉంది: సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చూసుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులోనూ. నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి కానీ, ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు.

ఈలోగా ఇంగ్లిష్ అంతగా రానివారికి ఎక్కువ పనికొచ్చేది ఎక్సోడస్ ప్రైవసీ అని మా అభిప్రాయం. ఫ్రాన్స్‌లోని ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ఇది ఒప్పందాన్ని కాదు, ఆండ్రాయిడ్ యాప్‌నే విప్పి చూస్తుంది. లోపల ఏయే ట్రాకర్ల కోడ్ ఉంది, ఏయే అనుమతులు అడుగుతోంది అనేవి జాబితాగా ఇస్తుంది. కోడ్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు, ఆ తేడా గమనించాలి.

అనుమతుల జాబితా రుణ యాప్‌ల విషయంలో మరీ ముఖ్యం. కాంటాక్టులు లాక్కుని, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసే వేధింపులు 2020 చివర్లో తెలంగాణలో ప్రాణాలే తీశాయి. డిజిటల్ రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో ఆదేశించింది. అప్పిచ్చే యాప్ కాంటాక్టులు అడిగితే ఇక దాని ఒప్పందం చదవక్కర్లేదు, తీసేయండి. ఇప్పటికే డబ్బు తీసుకుని ఉంటే, ముందు ఆ అనుమతుల తెరలను ఫొటో తీసి దాచుకోండి. సైబర్ నేరాల నంబరు 1930కు ఫిర్యాదు చేసేటప్పుడు ఉపయోగపడతాయి.