పేరు ఒకటే, పుస్తకాలు రెండు



ఒక పుస్తకం గురించి ఇద్దరు చదువరులు ఒకే మాట చెప్పడం అరుదు. సైన్సు నవలకు రెండో భాగం వస్తే మొదటిదే బాగుందని ఒకరంటారు, అసలు గుట్టు విడింది రెండోదాంట్లోనే కదా అని ఇంకొకరంటారు. పాత భయానక నవల చదివి రాత్రంతా నిద్ర పట్టలేదని ఒకరు చెబితే, భయం మాట అటుంచండి, నాకు జాలి వేసిందని మరొకరు చెబుతారు. పాఠ్యపుస్తకం సంగతి చెప్పనే అక్కరలేదు. తండ్రి తిరగేసి మా కాలంలో ఇంతకంటే గట్టి పాఠాలు ఉండేవంటాడు. అదే పుస్తకం కొడుక్కి కొరుకుడు పడదు.

ఎవరి రుచి వారిదని తేల్చేయడం సులువే. కానీ ఈ తగువులన్నిటికీ రుచే కారణం కాదు. వాదించుకునే ఇద్దరూ చాలాసార్లు ఒకే పుస్తకం చదివి ఉండరు. అట్ట మీద పేరు ఒకటే, లోపలి మాట వేరు. రచయిత చేతి నుంచి మన చేతికి వచ్చేలోగా ప్రచురణకర్త, అనువాదకుడు, కథను కుదించేవారు, పాఠాలు ఎంపిక చేసేవారు, ఇంతమంది నడుమ ఉంటారు. వాళ్ళు ఏం చేశారో తెలిస్తే సగం తగువులు తీరుతాయి. ఈ సంగతికి చరిత్రలో నుంచి మూడు ఉదాహరణలు చెబుతాను. ఒకటి భయానక నవల, రెండోది సైన్సు నవలకు కొనసాగింపు, మూడోది మన తెలుగు వాచకాల మీద జరిగిన వివాదం.

మొదట భయానక నవల. దాని పేరు ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాలో ఉన్న తంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని ప్రభావం వల్ల మరుసటి ఏడు, అంటే 1816లో, యూరప్‌లో చాలా చోట్ల ఎండాకాలం ఎండాకాలంలా లేదు. జెనీవా సరస్సు పక్కన బైరన్ కవి అద్దెకు తీసుకున్న ఇంట్లో చేరిన స్నేహితులు, వానకు బయటికి కదల్లేక, తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. వారిలో 18 ఏళ్ళ మేరీ ఒకరు. తర్వాత షెల్లీ కవిని పెళ్ళాడి మేరీ షెల్లీ అయింది. ఆమె రాసిన కథే పెరిగి, 1818 జనవరి 1న మూడు సంపుటాల నవలగా లండన్‌లో వెలువడింది. వేసినవి 500 ప్రతులు. వాటి మీద రచయిత పేరు లేదు.

పుస్తకం రాగానే అభిప్రాయాలు చీలిపోయాయి. ‘క్వార్టర్లీ రివ్యూ’ అనే పెద్ద పత్రిక దుమ్మెత్తిపోసింది. అప్పటికే పేరున్న వాల్టర్ స్కాట్ మెచ్చుకుంటూ సమీక్ష రాశాడు. అయితే ఆయన కూడా దాన్ని రాసింది షెల్లీ కవి అనే అనుకున్నాడు. 1823లో ఆ కథను లండన్‌లో నాటకంగా ఆడారు. నవలలో చక్కగా వాదించి మాట్లాడే ఆ ప్రాణి నాటకంలో మూగవాడయ్యాడు. 1931లో హాలీవుడ్ తీసిన సినిమాలోనూ అంతే.

ఇక్కడ మన ప్రాంతం వారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. నవలలో ఆ ప్రాణి భాష నేర్చుకున్న తీరు చూడండి. ఒక పేద కుటుంబం ఉండే ఇంటి పక్క పాకలో దాక్కుంటాడు. వాళ్ళు పరాయి దేశం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి తమ భాష నేర్పుతుంటే, గోడ సందులో నుంచి చూస్తూ, వింటూ తానూ నేర్చుకుంటాడు. పక్కింటి మాటలు వింటూ రెండో భాష పట్టుకోవడం సరిహద్దు జిల్లాల పిల్లలకు కొత్తేమీ కాదు. ఈ ఘట్టం చదివినవారికి ఆ ప్రాణి మీద జాలి కలుగుతుంది. నాటకం, సినిమా మాత్రమే చూసినవారికి భయమే మిగులుతుంది. చాలామంది ఆ ప్రాణి పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అనుకుంటారు కూడా. అది వాణ్ణి తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. వాడికి నవలలో పేరే లేదు.

నవల చదివినవారిలోనూ తేడా ఉంది. 1831లో మేరీ షెల్లీ స్వయంగా తన పుస్తకాన్ని సవరించి మళ్ళీ అచ్చువేయించింది. 1818 ప్రతిలో విక్టర్‌కు కాబోయే భార్య ఎలిజబెత్ అతని మేనత్త కూతురు. మనకు అది మామూలు మేనరికం. 1831 ప్రతిలో ఆమె రక్తసంబంధం లేని అనాథ. విక్టర్ తల్లిదండ్రులు తెచ్చి పెంచుకుంటారు. అంతకంటే పెద్ద మార్పు విక్టర్ తప్పును గురించినది. మొదటి ప్రతిలో అతను తన ఇష్టంతో నడిచినవాడిలా కనిపిస్తాడు. రెండో ప్రతిలో విధి అతన్ని తోసుకుపోయినట్టు తరచుగా వినిపిస్తుంది. తప్పు విక్టర్‌దని ఒకరు, విధి రాత అని ఒకరు వాదించుకుంటే ఇద్దరి పక్షానా పుస్తకం సాక్ష్యం చెబుతుంది. వారు చదివిన ప్రతులు ఏవో అడగాలి.

అక్కడ మార్చింది రచయిత్రే. తన పుస్తకం మీద ఆమెకు ఆ హక్కు ఉంది. ఇతరులు చేయి పెడితే ఏమవుతుందో రెండో ఉదాహరణ చెబుతుంది. అది మన ఊళ్ళ దాకా వచ్చే కథ.

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ‘సముద్రం కింద ఇరవై వేల లీగులు’ నవలను 1869, 1870 సంవత్సరాల్లో ధారావాహికగా ప్రకటించాడు. అందులో జలాంతర్గామి నాటిలస్‌కు అధిపతి కెప్టెన్ నీమో. ఆయన ఏ దేశం వాడో, ఎవరి మీద పగో ఎక్కడా చెప్పలేదు. వెర్న్ మొదట అనుకున్నది వేరు. రష్యన్ల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండ్ వీరుడిగా నీమోను చూపాలనుకున్నాడు. ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకం అమ్ముడుపోదని ఆయన భయం. కాబట్టి నీమో దేశం లేనివాడిగా మిగిలాడు.

1874, 1875 సంవత్సరాల్లో కొనసాగింపుగా ‘రహస్య ద్వీపం’ వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో బెలూన్ ఎక్కి తప్పించుకున్న ఐదుగురు ఒక నిర్జన ద్వీపంలో పడతారు. ఎవరో కనబడకుండా వారికి సాయం చేస్తుంటారు. చివరికి ఆ అజ్ఞాత మిత్రుడు ముసలివాడైన నీమో అని తెలుస్తుంది. అప్పుడు ఆయన తన పుట్టుక చెబుతాడు. ఆయన అసలు పేరు రాకుమారుడు డక్కర్. తండ్రి బుందేల్‌ఖండ్ రాజా. ఆయనకు బంధువు టిప్పు సుల్తాన్. 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, సముద్రగర్భానికి చేరిన భారతీయుడు ఆయన.

ఈ మాట విన్నప్పుడు కోలారు జిల్లా తెలుగువాడు చెవి రిక్కించకుండా ఉండలేడు. టిప్పు తండ్రి హైదరాలీ పుట్టిన బూదికోట మా జిల్లాలోనే ఉంది. టిప్పు పుట్టిన దేవనహళ్ళి కూతవేటు దూరం. ఆయన తల్లి కడప కోటకు అధికారిగా ఉన్న వారి బిడ్డ. ప్రపంచమంతా చదివే ఫ్రెంచి నవలలో నాయకుడు ఈ ఇంటి చుట్టం!

చుట్టరికం ఏమిటంటే అక్కడే చిక్కు. వెర్న్ రాసిన ఫ్రెంచి మాట అన్నదమ్ముల కొడుక్కీ, అక్కచెల్లెళ్ళ కొడుక్కీ ఒకటే. మనకు అలా కుదరదు. తెలుగులో కొడుకు వరస వేరు, మేనల్లుడు వేరు. కన్నడంలోనూ సోదరళియ అనే మాట వేరుగా ఉంది. తండ్రి బుందేల్‌ఖండ్ రాజా గనుక మేనల్లుడనే అనుకోవాలి. అనువాదకుడు తెలియకుండానే కథలో ఒక నిర్ణయం చేయవలసి వస్తుంది. ఇక వయసు లెక్క చూస్తే, కథ ప్రకారం డక్కర్ 1819 ప్రాంతంలో పుట్టినవాడు. టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నంలో మరణించాడు. మేనమామ పోయిన ఇరవై ఏళ్ళకు పుట్టిన మేనల్లుడు అసాధ్యం కాదు గాని, నమ్మడానికి కొంచెం ఓపిక కావాలి.

తేదీల చిక్కు ఇంకా ఉంది. మొదటి నవలలో నాటిలస్ సాహసాలు 1867, 1868లో జరుగుతాయి. రెండో నవలలో నీమో 1868లోనే ముసలితనంతో కన్నుమూస్తాడు. పాత సాహసాలేమో ఎన్నో ఏళ్ళ కిందటివి! లెక్క కుదరలేదని ఆ పుస్తకంలోనే ప్రచురణకర్త పేర గమనిక వేశారు. కొనసాగింపులు అతుకుల బొంతలనే పాఠకులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నీమో ఎవరో తెలియకపోతేనే బాగుండేది అనేవారు కూడా ఉన్నారు. వారి మాటను నేను కొట్టిపారేయను. కానీ మొదటి నవలలోనే సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగే ఒక పేద భారతీయుణ్ణి షార్కు నుంచి కాపాడి, ముత్యాల సంచి ఇచ్చి, తానూ పీడితుల దేశం వాడినేనని నీమో చెప్పే ఘట్టం ఉంది. ఆ విత్తనం రెండో నవలలో మొలకెత్తిందని నాకు తోస్తుంది. ఆ మొలక కోసం తేదీల తప్పు క్షమించవచ్చు.

క్షమించలేనిది ఒకటి జరిగింది. 1875లో ఈ నవల ఇంగ్లీషులోకి కింగ్‌స్టన్ అనే రచయిత పేరుతో వచ్చింది. నిజానికి అనువాదం చేసింది ఆయన భార్య. బ్రిటిషు పాలన మీద నీమో ఆగ్రహం ఉన్న చోట్ల మాటలు తీసేసి, ఇంగ్లీషువారు వచ్చి దేశంలో శాంతి నిలిపారని, ప్రజలు స్వార్థపరుల మాట విని తిరగబడ్డారని అర్థం వచ్చేటట్టు కొత్త వాక్యాలు చేర్చారు. 1857 వీరుడు తన గాథలోనే దోషిలా నిలబడ్డాడు. ఫ్రెంచిలోనూ కత్తెర పడకపోలేదు. వెర్న్ చేతిరాత ప్రతిలో నీమో ఆఖరి శ్వాసలో స్వాతంత్ర్యాన్ని తలచుకుంటాడు. అచ్చులో దాన్ని హెట్జెల్ మార్పించి, దేవుణ్ణీ దేశాన్నీ తలచుకునేలా చేశాడు. ఆ ఇంగ్లీషు అనువాదమే వందేళ్ళకు పైగా మళ్ళీ మళ్ళీ అచ్చయింది. మూలానికి కట్టుబడిన కొత్త ఇంగ్లీషు అనువాదాలు రెండు 2001లో వెలువడ్డాయి. కాబట్టి నీమో కథలో దేశభక్తి ఏముంది అని ఒకరు అడిగితే, వారిది మందబుద్ధి అనకండి. వారి చేతికి వచ్చిన పుస్తకంలో నిజంగానే అది లేదేమో చూడండి.

నవల నచ్చకపోతే మూసి పక్కన పెట్టవచ్చు. పాఠ్యపుస్తకానికి ఆ వీలు లేదు. దాన్ని చదివే పిల్లవాణ్ణి నీ అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగరు. ఆ పిల్లవాడి తరఫున అడిగిన మనిషి ఒకరు మన సరిహద్దు గడ్డ మీదే ఉన్నారు. ఆయన గిడుగు రామమూర్తి పంతులు. ఊరు పర్లాకిమిడి, ఈవేళ ఒడిశాలోని గజపతి జిల్లా.

గిడుగువారు 1880లో అక్కడ ఉపాధ్యాయులుగా చేరారు. కొండల్లోని సవరలతో పరిచయం కలిగి వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశారు. సవర భాష మీద ఆయన రాసిన గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. సవర పిల్లవాడి మాట పుస్తకంలో ఉండాలని పట్టుబట్టిన మనిషికి తెలుగు పిల్లవాడి గతి కూడా కనబడింది. ఇంట్లో ఒక తెలుగు, వాచకంలో ఇంకొక తెలుగు. లెక్కలు, భూగోళం నేర్చుకోవలసిన వయసులో పాత గ్రంథాల వ్యాకరణం నేర్చుకోవడానికే కాలం చాలదు. ఏట్స్ అనే స్కూళ్ళ ఇన్స్పెక్టరు ఈ తేడా ఎందుకని ఆరా తీయడంతో చర్చ ముదిరింది. గురజాడ అప్పారావు గిడుగువారికి అండగా నిలిచారు. 1912-13లో విద్యార్థులు వ్యాసాలను పాత పద్ధతిలోనైనా, కొత్త పద్ధతిలోనైనా రాయవచ్చని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు ముందుండగా 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. 1914 నాటికి ఆ అనుమతి వెనక్కు పోయింది. గిడుగువారు మానలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి పోరు సాగించారు.

ఎదిరించినవారి వాదంలో బలం లేదనలేం. మాట జిల్లాకొక తీరుగా ఉంటుంది, ఏ జిల్లా మాట పుస్తకానికి ఎక్కిస్తారు అని వారు అడిగారు. ఈ ప్రశ్న మనకు ఇప్పటికీ తగులుతుంది. వాడుక భాష పాఠాల్లోకి వచ్చిన మాట నిజమే. అయితే కోలారు పిల్లవాడు ‘యాడుండావు’ అంటాడు, పుస్తకం ‘ఎక్కడ ఉన్నావు’ అంటుంది. గిడుగువారు గెలిచిన తర్వాత కూడా సరిహద్దు పిల్లవాడికి ఇంకో అడుగు దూరం మిగిలే ఉంది. పుస్తకం భాష నేర్పుదాం, అందరితో కలిసి నడవడానికి అది కావాలి. ఇంటి మాట తప్పు అని మాత్రం చెప్పవద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగువారు మనసు కష్టపెట్టుకుని రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన వెళ్ళిపోయినా ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి, ఆ ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లలూ ఉన్నారు.

శ్రోతలారా, రెండు రాష్ట్రాల అంచున ఉండే మనకు ఒక లాభం ఉంది. ఒకే ఇంట్లో అన్న కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చదువుతాడు, చెల్లెలు తెలుగులో చదువుతుంది. ఒకే రాజు గురించి, ఒకే యుద్ధం గురించి రెండు పుస్తకాలు ఒకే చాప మీద ఉంటాయి. మిగతావారికి ఈ భాగ్యం లేదు. ఈ సెలవుల్లో ఆ రెండు పాఠాలూ పిల్లల చేత పక్కపక్కన పెట్టి చదివించండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనిది ఏమిటో వారినే వెతకమనండి. ఎందుకు లేదో అడగమనండి. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, బడిలో మమ్మల్ని అడగమని పంపండి. ప్రశ్న పుట్టిన పిల్లవాడికి పాఠ్యపుస్తకం పరాయిది కాదు.