నడిమి కుర్చీలో విజ్జీ

పూసపాటి విజయానంద గజపతిరాజు గురించి వచ్చే వ్యాసాలకు సాధారణంగా ఒకే రకం ఫోటో వేస్తారు. 1936 ఇంగ్లండ్ పర్యటన నాటిది: గుండ్రటి కళ్లద్దాలు, నిండు ముఖం, బ్లేజరు. కింద తరచు 'విజయనగరం మహారాజా' అని ఉంటుంది. ఆయన మహారాజా కాడు, రాజావారి రెండో కొడుకు. గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతిది. తమ్ముడికి మహారాజకుమార్ అన్న బిరుదొకటి మిగిలింది, దాన్ని కూడా పొట్టి చేసి క్రికెట్ లోకం 'విజ్జీ' అంది. క్యాప్షన్‌లో ఇది చిన్న పొరపాటే. కానీ కథ అక్కడే పక్కదారి పడుతుంది. ఒక రాజుగారికి ఉన్నట్టుండి ఆట మీద మోజు పుట్టింది, డబ్బు పోసి కెప్టెన్సీ కొనుక్కున్నాడు, పరువు పోగొట్టుకుని వచ్చాడు: మనకు అందిన చరిత్ర ఇంతే. ఇందులో అబద్ధం తక్కువే, వదిలేసిందే ఎక్కువ.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1905 డిసెంబరు 28న పుట్టాడు. అజ్మీరు మేయో కాలేజీలో, ఇంగ్లండ్‌లో హెయిలీబరీ బడిలో చదివాడు. ఆపైన మకాం బెనారస్‌కు మారింది. కాశీలో భేలూపూర్ దగ్గర విజయనగరం వారికి కోట ఉంది. అన్నగారి నీడలో ఊళ్లో ఉండిపోవడం కన్నా కాశీలో సొంత దర్బారు పెట్టుకోవడం మేలనుకుని ఉంటాడు. 1926లో సొంత జట్టు కట్టాడు, కోట ఆవరణలోనే మైదానం వేయించాడు. పులి వేటల ఫోటోలు, దర్బారు దుస్తుల ఫోటోలు ఆ కాలపు జమీందారులందరికీ ఉన్నవే గనుక వాటి దగ్గర ఆగక్కర్లేదు.

ఆగాల్సింది 1930-31 దగ్గర. ఉప్పు సత్యాగ్రహంతో దేశం అట్టుడుకుతోంది. ఆ శీతాకాలం ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎం.సి.సి. జట్టు శాసనోల్లంఘన కారణంగా ప్రయాణం మానుకుంది. ఆ ఖాళీని పాతికేళ్ల విజ్జీ పట్టుకున్నాడు. అప్పుడే టెస్టుల నుంచి తప్పుకున్న జాక్ హాబ్స్‌ను, ఆయన ఓపెనింగ్ జోడీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించి తన జట్టులో చేర్చుకున్నాడు. వాళ్లతో భారతదేశంలోనూ సింహళంలోనూ తిరిగాడు. అదే జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు, మహారాష్ట్ర నుంచి దేవధర్ ఉన్నాడు, పదహారేళ్ల ముస్తాక్ అలీ ఉన్నాడు. సికింద్రాబాద్‌లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఆ ఏడు గెలిచింది ఈ జట్టే.

ఇది పెద్దింటి సరదా మాత్రమే అనేవాళ్లకు హాబ్స్ లెక్కల గొడవ చూపిస్తాను. ఆయన ఫస్ట్‌క్లాస్ సెంచరీలు పాత లెక్కలో 197, కొత్త లెక్కలో 199. ఆ తేడా రెండు సెంచరీలూ విజ్జీ జట్టు తరఫున ఈ పర్యటనలో కొట్టినవే. పరుగులు కూడా 61,237 అని కొందరు, 61,760 అని కొందరు. ఆ మ్యాచ్‌లు ఫస్ట్‌క్లాసా కావా అని గణాంకవేత్తలు దశాబ్దాలుగా తగువులాడుతున్నారు. ఉత్త తమాషా అయితే ఇంత తగువెందుకు?

అలాగని విజ్జీని నెత్తికెక్కించుకోలేను. జనం జైళ్లకు పోతున్న ఏడాది అది. తెల్లవాళ్ల జట్టు రానన్నప్పుడు తెల్ల ఆటగాళ్లను విడిగా పిలిపించి ఆడించడం ప్రభుత్వానికి ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. తర్వాత ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో వైస్రాయి విల్లింగ్డన్ పేరు మీద పెవిలియన్ కట్టించాడు. జాతీయ పోటీకి కూడా ఆయన పేరుతోనే ట్రోఫీ ఇవ్వబోయాడు గానీ పటియాలా మహారాజు రంజీ పేరు ముందుకు తెచ్చి నెగ్గాడు. ఈ పోషణ వెనక ఉన్నది జమీందారీ సొమ్మే. శిస్తు కట్టిన రైతు ఏ గ్రూపు ఫోటోలోనూ ఉండడు.

గ్రూపు ఫోటోకు ఒక పద్ధతుంది. మధ్య కుర్చీ కెప్టెన్‌ది. అటూఇటూ పెద్దలు కూర్చుంటారు, వెనక మిగతావాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు, కుర్రాళ్లకు ముందు గడ్డి. విజ్జీకి ఆట కన్నా ఆ నడిమి కుర్చీ మీదే ధ్యాస అని నా అనుమానం. 1932లో పోర్‌బందర్ మహారాజు కెప్టెన్‌గా జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు విజ్జీకి దొరికింది డిప్యూటీ వైస్ కెప్టెన్ పదవి. పక్క కుర్చీ అన్నమాట. ఆరోగ్యం, ఫామ్ బాగాలేవని మానుకున్నాడు.

1936లో పటౌడీ నవాబు తప్పుకోవడంతో నడిమి కుర్చీ ఖాళీ అయింది. ఓట్లలో సి.కె. నాయుడిని దాటి విజ్జీ కెప్టెన్ అయ్యాడు. జట్టులో ముఠాలు పుట్టాయి. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఓడెక్కించి ఇంటికి పంపారు. మూడు టెస్టుల్లో రెండు ఓడారు. మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు చేసి రెండో టెస్టును కాపాడారు. కెప్టెన్ సొంత సంపాదన ఆరు ఇన్నింగ్స్‌లో 33 పరుగులు. ఆ వేసవిలోనే నైట్‌హుడ్ వచ్చింది. ఈ పర్యటనపై విచారించిన జస్టిస్ బోమాంట్ కమిటీ 1937లో కెప్టెన్సీని గట్టిగా తప్పుపట్టింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ కెమెరాలతోనే. లండన్ పత్రికలు ఆ వేసవిలో తీసిన బొమ్మలు ఏజెన్సీల భాండాగారాల్లో తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి, ఎవరికి కావాలన్నా దొరుకుతాయి. బెనారస్ కాలం బొమ్మలకు ఆ యోగం పట్టలేదు. సులువుగా దొరికిన బొమ్మే మళ్లీ మళ్లీ అచ్చయి, మనిషి ఆ ఒక్క వేసవిలో ఇరుక్కుపోయాడు. 1947లో నైట్‌హుడ్ వెనక్కిచ్చిన విజ్జీ, 1954 నుంచి 1956 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్న విజ్జీ, నాయుడిని ఉత్తరప్రదేశ్ జట్టుకు రప్పించి అరవై దాటాక కూడా రంజీ ఆడించిన విజ్జీ, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన విజ్జీ మనకు బొమ్మ కట్టరు. ఆయన అధ్యక్షుడిగా ఉండగా 1954-55లో పాకిస్తాన్ వెళ్లిన జట్టుకు మేనేజర్ ఎవరనుకున్నారు? ఓడెక్కించి పంపేసిన ఆ అమర్‌నాథే. 1936 దగ్గర ఆగిపోయేవాళ్లకు ఈ ముక్క ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు విజయనగరంలో స్టేడియానికి విజ్జీ పేరుంది, యూనివర్సిటీ కుర్రాళ్లు జోనల్ జట్లుగా ఆడే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరుంది. పేరు పెట్టడం మనకు అలవాటే, తేలిక కూడా. ఊళ్లో సభల బ్యానర్ల మీదికి మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన 1936 ముఖాన్నే అతికిస్తున్నాం, ఒక్కోసారి ఏజెన్సీ ముద్ర కూడా చెరపకుండా. కుటుంబాల అల్బమ్‌లలో, పాత స్టూడియోల నెగెటివ్‌లలో బెనారస్ కాలానివి మిగిలి ఉంటే ముందు స్కాన్ చేయించాలి. తర్వాత తేదీ, ఊరు, వరుసలో ఎడమ నుంచి కుడికి పేర్లు రాయాలి. నడిమి కుర్చీ పేరు ఎలాగూ తెలుసు గనుక వెనక నిలబడ్డవాళ్లతో మొదలుపెడితే మంచిది. కింద 'మహారాజా' అని మాత్రం వేయకండి.