గుడ్డ నేర్పిన కప్పు

సిరిసిల్ల అనగానే మీకు మగ్గాల చప్పుడు, తానుల కొద్దీ బట్ట గుర్తుకొస్తాయి. ఆ బట్టకూ, మన నెత్తిమీది కాంక్రీటు కప్పుకూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

ఒక పని చేసి చూడండి. పాత చీర ముక్కను నాలుగు కొసలా పట్టుకుని, అందులో సోలెడు బియ్యం పలచగా పరవండి. బట్ట కిందికి సాగి బొజ్జలా వేలాడుతుంది. అందులో పోగులన్నీ లాగబడుతూనే ఉంటాయి. ఆ ఆకారాన్నే గట్టిపరచి బోర్లిస్తే లాగుడంతా నొక్కుడుగా మారిపోతుంది. వేలాడే గొలుసును తిరగేస్తే కమాను అవుతుందని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పాడు.

కాంక్రీటు గుణం మీకు తెలిసిందే. నొక్కితే బండలా ఓర్చుకుంటుంది, లాగితే ఇట్టే పగులుతుంది. అందుకే స్లాబులో ఇనుప చువ్వలు వేస్తారు. 1950లలో మన దేశంలో ఇనుమూ సిమెంటూ కరువే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఐర్లండు ఇంజనీరు జేమ్స్ వాలర్ కమానుల మీద గోనెపట్టా పరిచి సిమెంటు పూయించాడు. తర్వాత రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థలో జి.ఎస్. రామస్వామిగారు ఇంకో అడుగు వేశారు. చట్రానికి గుడ్డ బిగించి, దానిమీద తడి కాంక్రీటు పోయించి, సాగనిచ్చి, గట్టిపడ్డాక బోర్లించారు. సుమారు అంగుళం మందం పెంకు తయారైంది! ఇనుము ముఖ్యంగా కావలసింది అంచు విచ్చుకోకుండా చుట్టూ ఉండే దూలానికే. ఇలాంటి పెంకులను పక్కపక్కన పేర్చి, సందులు పూడ్చి కప్పులు వేశారు.

ఆయన 1968లో పెంకు కప్పుల మీద పెద్ద పుస్తకమే రాశారు. అయితే ఒక్కో పెంకు పోయాలి, తడపాలి, ఎత్తాలి. ఇనుము సులువుగా దొరికే రోజులు రాగానే చదును స్లాబే అందరికీ వాడుకైంది. ఆయన పేరు మనలో ఎందరికి తెలుసు?

2018లో మెక్సికోలో, పెంకు కప్పుల మేస్త్రీ ఫెలిక్స్ కండేలా జ్ఞాపకంగా ఒక మండపం కట్టారు. దాని అచ్చు యంత్రం మీద అల్లిన బట్టే. జ్యూరిక్ పరిశోధకులు దాన్ని పెట్టెల్లో సర్దుకుని విమానంలో తీసుకెళ్లారట!

నేతకు పని దొరకని రోజులు సిరిసిల్ల చూసింది. బట్ట అంటే కట్టుకునేదే అనుకున్నంత కాలం నేతకు ఒక్కటే అంగడి. ఈసారి దండెం మీద తడి చీర ఆరేసినప్పుడు ఆ తాడు ఒంపు చూడండి. దాన్ని తలకిందులు చేసి ఊహించండి. అదే కమాను, అదే కప్పు.