బెంచ్ మీద నుంచి వచ్చిన 37 పాయింట్లు

క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటర్ రాగానే కెప్టెన్ ఆఫ్ స్పిన్నర్‌ని పిలుస్తారు కదా? అంటే ఎదురుగా ఎవరున్నారో చూసి మన మనిషిని మార్చడం. అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఈ ఆలోచనే ఒక టైటిల్ తెచ్చిపెట్టింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1893లో స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అమ్మాయిలతో ఈ ఆట ఆడించారు. కోర్టుని మూడు భాగాలు చేశారు, ఎవరి భాగం దాటి వాళ్లు వెళ్లకూడదు. ఇక ఎవరి మీద ఎవరిని పెట్టాలన్న ఆలోచనకి చోటెక్కడ? కాలేజీ మహిళలకి ఐదుగురితో ఫుల్ కోర్ట్ ఆట 1971లో గానీ రాలేదు. అప్పట్నుంచి ప్రతి ప్లేయర్ దాడీ చెయ్యాలి, అడ్డుకోవాలి కూడా. కోచ్‌కి అసలు తలనొప్పి అక్కడే మొదలైంది.

ఇప్పుడు 2023, డల్లాస్, సెమీఫైనల్. సౌత్ కరోలినా ఆ సీజన్‌లో అప్పటికి ఆడిన 36 మ్యాచ్‌లూ గెలిచింది. ఎదురుగా ఐయోవా, అందులో కెయిట్లిన్ క్లార్క్. ఐయోవా ఏం చేసిందంటే, దూరం నుంచి షూట్ చేసేవాళ్లని వదిలేసి బాస్కెట్ దగ్గర గుంపు కట్టింది. రేవెన్ జాన్సన్ చేతిలో బంతి ఉంటే క్లార్క్ దగ్గరికి కూడా వెళ్లలేదు, "వేసుకో" అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగింది. సౌత్ కరోలినా త్రీ పాయింటర్లు 20 వేస్తే 4 పడ్డాయి. క్లార్క్ 41 కొట్టింది. 77-73తో ఐయోవా గెలిచింది.

ఆ ఐదుగురు స్టార్టర్లూ వెళ్లిపోయారు. కోచ్ డాన్ స్టేలీ కొత్త టీమ్ కట్టుకున్నారు, ఈసారి బయట నుంచి షూట్ చేసేవాళ్లు ఎక్కువ. రేవెన్ ఇప్పుడు స్టార్టర్.

2024 ఏప్రిల్ 7, క్లీవ్‌లాండ్, ఫైనల్. మళ్లీ అదే ఐయోవా! క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 కొట్టేసింది. తర్వాత రేవెన్ ఆమెని వదల్లేదు. మిగతా మూడు క్వార్టర్లలో క్లార్క్‌కి 12 మాత్రమే వచ్చాయి. పక్కన బెంచ్ నుంచి వరసగా తాజా కాళ్లు. టెస్సా జాన్సన్ ఒక్కతే 19 వేసింది. మొత్తం బెంచ్ పాయింట్లు చూస్తే సౌత్ కరోలినా 37, ఐయోవా సున్నా. స్కోరు 87-75. సీజన్ 38-0.

నా లెక్కలో ఇక్కడ గెలిచింది ఒక్క స్టార్ కాదు. అలిసిపోయిన ప్రత్యర్థి మీదికి అలవని మనిషిని పంపగల టీమ్. ఏడాది ముందు "నిన్ను అడ్డుకోవాల్సిన పన్లేదు" అనిపించుకున్న అమ్మాయే, అలా అన్న స్టార్‌ని అడ్డుకునే బాధ్యత తీసుకుంది.

మీ కాలేజీ టీమ్‌లో బెంచ్ మీద కూర్చున్నారా? అయితే ఒక పని చెయ్యండి. అవతలి టీమ్‌లో ఎవరిని మీరు ఆపగలరో ఇప్పుడే చూసి పెట్టుకోండి. కోచ్ పిలిచేది ఆ పని కోసమే కావచ్చు.